ముక్కు చెప్పు హెచ్చరిక

(కోనసీమలో పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



నేను ప్రచారశాఖలో పనిచేయు ఉద్యోగిని. నేను మాటాడుటకు లేచినపుడు రోడ్లను గురించియో, మంచినీటి పథకములను గురించియో చెప్పుదునని మీరు ఎదురుచూచుట సహజము. నేటి ప్రసంగము ముక్కును గురించి అని విని కొందరు నవ్వుకొనిరి. వైద్యుడు చెప్పవలసినదానిని ప్రచారాధికారి చెప్పనేల అని ఒక పెద్దమనిషి నన్ను అడిగిరి. వారికి చెప్పిన సమాధానమే మీకును మనవి చేయుచున్నాను.

మన డెల్టాలో భూమిపైన కాలువలు సాగుచున్నట్లే, అనేక గ్రామములలో భూమిలోపల వాయువు గొట్టములు సాగుచున్నవి. వంటయిండ్లలో గ్యాసు సిలిండర్లు ఉన్నవి. ఇండ్ల వెనుక సెప్టిక్ ట్యాంకులు, ఊరి చుట్టు చేపల చెరువులు ఉన్నవి. వీనివలన ప్రమాదము కలుగనున్నపుడు తొలి కబురు తెచ్చునది అనేక సందర్భములలో మన ముక్కే. ఆ వార్తాహరుడు ఎట్లు పనిచేయునో, ఎప్పుడు నమ్మదగినవాడో, ఎప్పుడు నమ్మరానివాడో ఊరి బాధ్యత వహించినవారికి తెలిసియుండవలెను. ఇందుకే ఈ ప్రసంగము.

ముందుగా వాసన యననేమో చూతము. తొలకరి చినుకులు పడినపుడు మట్టివాసన వచ్చును గదా! మట్టిలో నివసించు కొన్ని సూక్ష్మజీవులు 'జియోస్మిన్' అను పదార్థమును తయారుచేయును. చినుకు నేలను తాకినపుడు ఆ పదార్థపు కణములు గాలిలోనికి లేచి మన ముక్కును చేరును. వాసన యనగా ఇదియే. ఒక వస్తువునుండి విడివడిన అతి సూక్ష్మమైన అణువులు గాలితో కలిసి మనలోనికి ప్రవేశించుట. ఇనుపముక్కకు, గాజుపలకకు దాదాపు వాసన లేకుండుటకు కారణము వానినుండి అణువులు విడివడి గాలిలో కలియకపోవుటయే. మల్లెపూవు, ఇంగువ, కిరోసిను ఇట్టివి అణువులను ధారాళముగా విడుచును.

జియోస్మినును పట్టుటలో మానవుని ముక్కు మిక్కిలి సమర్థమైనది. లక్షకోట్ల పాళ్లలో కొద్ది పాళ్లు ఉన్నను పసిగట్టగలదు. చెరువు చేపలకు ఒక్కొక్కప్పుడు బురదవాసన పట్టుటకు కారణము కూడ ఈ జియోస్మినే. అట్టి చేపలను కొన్ని దినములు శుభ్రమైన పారునీటిలో ఉంచినచో ఆ వాసన తగ్గును. చెరువుల రైతులకు ఈ మాట ఉపయోగపడును.

ఇక ముక్కులోనికి పోవుదము. మనకు పైకి కనబడు ముక్కు కేవలము ద్వారము వంటిది. వాసనను గుర్తించు చోటు లోపల, రెండు కన్నుల నడుమ, నాసికాకుహరపు పైకప్పు భాగమున ఉన్నది. అది కొద్ది చదరపు సెంటీమీటర్ల పొర మాత్రమే. ఆ పొరలో లక్షల కొలది నాడీకణములు ఉన్నవి. ఒక్కొక్క కణమునుండి సన్నని కేశముల వంటివి వెలువడి, పలుచని జిగురునీటిలో మునిగియుండును. గాలితో వచ్చిన అణువులు ఈ జిగురులో కరగి ఆ కేశములను తాకును. మామూలు ఊపిరిలో గాలి పైకప్పువరకు కొద్దిగనే చేరును. అందుచేతనే ఏదైన వాసన అనుమానము కలిగినపుడు మనము గట్టిగా ఎగబీల్చుదుము. ఎగబీల్చుట యనగా గాలిని ఆ పై గదిలోనికి పంపుట.

ఆ కేశములమీద 'గ్రాహకములు' అను నిర్మాణములు ఉన్నవి. వీనిని తాళములనుకొందము. వాసన అణువు తాళపుచెవి వంటిది. చెవి తగిన తాళమును తాకినపుడు ఆ కణములో చిన్న విద్యుత్సంకేతము పుట్టును. మానవునిలో ఇట్టి తాళములు సుమారు 400 రకములు పనిచేయుచున్నవి. ఒక్కొక్క కణము మీద ఒకే రకపు తాళము ఉండును. ఈ గ్రాహకములకు సంబంధించిన జన్యువులను అమెరికా శాస్త్రజ్ఞులు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 1991లో కనుగొనిరి. ఆ పరిశోధనకు, తరువాతి కృషికి వారిరువురకు 2004లో నోబెల్ బహుమానము లభించెను.

400 తాళములతో వేలకొలది వాసనలను ఎట్లు వేరుపరుపగలము? మన తెలుగు అక్షరములను తలచుకొనుడు. అక్షరములు కొన్నియే. వానిని కూర్చి వ్రాయగల మాటలకు లెక్కలేదు. అట్లే ఒక వాసన ఒక్క తాళమునే తెరువదు. కొన్నింటిని గట్టిగాను, కొన్నింటిని మెత్తగాను తెరచును. ఆ తాళముల కూర్పును మెదడు ఒక మాటవలె చదువును. సంపెంగ ఒక మాట, సన్నజాజి వేరొక మాట. కడియము తోటలలో కన్నులు మూసికొని నడచువాడు సైతము ఏ వరుసలో ఏ పూవున్నదో చెప్పగలుగుట ఈ చదువు వలననే.

ఈ కణముల తంతువులు జల్లెడవంటి ఒక సన్నని ఎముకలోని రంధ్రములగుండా పైకి పోయి, మెదడు క్రిందిభాగమున ఉన్న ఘ్రాణకందమును చేరును. అచటినుండి కబురు జ్ఞాపకములకు, భయసంతోషములకు సంబంధించిన మెదడు భాగములకు దగ్గరి దారిన పోవును. కావుననే చిన్ననాటి వాసన ఒకటి తగిలినంతనే అమ్మమ్మగారి పెరడు, కొత్త కుండలో నీరు, గడ్డివామి నీడ అన్నియు ఒక్కసారిగా గుర్తుకు వచ్చును.

రుచి అని మనము అనుకొనుదానిలో చాలభాగము వాసనయే. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొలదిపాటి రుచులనే చెప్పగలదు. నోటిలో నమలుచున్నపుడు గొంతు వెనుకనుండి అణువులు ముక్కులోనికి చేరును. పడిశము పట్టినవానికి కొత్త ఆవకాయ కూడ ఉప్పుకారముల ముద్దగనే తోచుటకు కారణమిది.

ఇంతవరకు ముక్కు గొప్పతనము చెప్పితిని. ఇక దాని లోపములు చెప్పవలెను. మన ప్రాణములకు సంబంధించిన విషయము ఇచటనే ఉన్నది.

మొదటి లోపము అలవాటు. ఒక వాసనలో కొంతసేపు ఉన్నచో ముక్కు దానిని చెప్పుట మానివేయును. చేపల బజారులో ప్రవేశించునపుడు ఉన్న నీచువాసన కొంతసేపటికి తెలియదు. వాసన పోలేదు. మన తెలివియే పోయినది. 'ఇందాక వాసన వచ్చినది, ఇప్పుడు లేదు' అని ఎవరైన చెప్పినచో లీకు ఆగినదని అర్థము చేసికొనరాదు. ఆ మనిషి ముక్కు అలసియుండవచ్చును. బయటినుండి క్రొత్తగా వచ్చినవానిని అడుగవలెను.

రెండవది జబ్బు. ముక్కున్నంతవరకు పడిశముండునని మన పెద్దలు చెప్పిరి. పడిశమున్నంతవరకు వాసన సరిగా తెలియదు. 2020లో వ్యాపించిన కోవిడు వ్యాధిలో లోకమంతట ఎందరో వాసనను పోగొట్టుకొనిరి. పెక్కుమందికి కొద్ది వారములలో తిరిగి వచ్చినది. కొందరికి నెలలు, మరికొందరికి సంవత్సరములు పట్టినది.

మూడవది వయస్సు. అరువది దాటినవారిలో ఘ్రాణశక్తి క్రమముగా తగ్గుట సామాన్యము. చూపు తగ్గినచో కంటి వైద్యునికడకు పోవుదుము. వాసన తగ్గినచో తగ్గినదనియే చాలమంది గ్రహింపరు.

నాల్గవది నిద్ర. శబ్దము నిద్రించువానిని లేపును. వాసన లేపునను నమ్మకము లేదు. గాఢనిద్రలో నున్నవానిని ఘాటైన వాసన కూడ మేల్కొల్పకపోవచ్చునని పరిశోధనలలో తేలినది.

ఈ లోపములు మా ఇంటిలోనే నాకు బోధపడినవి. కోవిడు జ్వరమునుండి లేచిన పిమ్మట నాకు రెండు మాసములు ఏ వాసనయు తెలియలేదు. ఒకనాటి సాయంకాలము పొయ్యిమీద పాలు పెట్టి పత్రిక చదువుచు కూర్చుంటిని. పాలు పొంగి మంట ఆరిపోయెను. వాయువు మాత్రము ఆగలేదు. ప్రక్కగదిలో మా అమ్మగారు జపము చేసికొనుచుండిరి. వారికి డెబ్బది యెనిమిదేండ్లు. వారికిని ఏమియు తెలియలేదు. సంజె చీకటి పడినది. దీపము వేయుటకు స్విచ్చి మీద చేయి వేయబోవుచుంటిని. అప్పుడే బడినుండి వచ్చిన మా అమ్మాయి గుమ్మములోనే నిలిచి, 'నాన్నగారూ, గ్యాసు వాసన! స్విచ్చి ముట్టుకోకండి!' అని కేక వేసెను. బడిలో ఆమెకు ఎవరో ఆ పాఠము చెప్పియుండిరి. పట్టభద్రుడనై, ఊరూర ఉపన్యాసములిచ్చు నేను ఆనాడు పదేండ్ల పిల్ల ముక్కు వలన బ్రతికితిని. సభలలో అగ్నిప్రమాదములను గురించి మాటాడునపుడెల్ల ఆ గుమ్మము నాకు కనుపించును.

మా అమ్మాయి పసిగట్టిన ఆ వాసన వాయువుది కాదు. వంటగ్యాసులో ముఖ్యముగా ఉండు ప్రొపేను, బ్యూటేనులకు మనకు తెలియునంతటి వాసన లేదు. భూమినుండి వచ్చు సహజవాయువులోని మీథేనుకు అసలే వాసన లేదు. రంగును లేదు. ప్రమాదము తెలియుటకై మనుష్యులే అందులో 'మెర్కాప్టాన్' జాతికి చెందిన గంధకపు పదార్థమును కలుపుదురు. దానిని వందకోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నను మన ముక్కు పట్టగలదు. వంటగ్యాసు గాలిలో నూటికి సుమారు 2 పాళ్లు చేరినపుడు నిప్పు తగిలినచో అంటుకొనును. అందులో అయిదవవంతు చేరునప్పటికే వాసన తెలియవలెనని కలుపు ద్రవ్యపు మోతాదును నిర్ణయించుదురు. అనగా ముక్కు మనకు కొంత గడువు ఇచ్చును. ఆ గడువును వ్యర్థము చేయరాదు.

ఈ ఏర్పాటు వెనుక ఒక విషాదగాథ ఉన్నది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున న్యూలండన్ అను ఊరిలో 1937 మార్చి 18న ఒక పాఠశాల ప్రేలిపోయెను. వాసన కలుపని సహజవాయువు భవనము అడుగున చేరినది. ఎవరికిని తెలియలేదు. సుమారు 300 మంది మరణించిరి. వారిలో అత్యధికులు విద్యార్థులు. పిదప ఆ రాష్ట్రము వాయువులో వాసన కలుపవలెనని శాసనము చేసెను. క్రమముగా ఇతర దేశములును ఆ పద్ధతిని అవలంబించినవి.

ఇక మన గడ్డకు వత్తము. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో వాయువు అదుపు తప్పి ఎగజిమ్మి మండిన సంగతి మీలో పెద్దలకు గుర్తుండును. ఆ మంట ఆరుటకు 65 దినములు పట్టెను. ఆ మంట కన్నులకు కనుపించినది. చుట్టుప్రక్కల గ్రామములను ఖాళీచేయింపగలిగిరి.

2014 జూన్ 27న మామిడికుదురు మండలము నగరము గ్రామమున జరిగినది వేరు. తాటిపాకనుండి కొండపల్లి వైపు పోవు గెయిల్ సంస్థ వారి 18 అంగుళముల గొట్టము తెల్లవారుజామున పగిలెను. వాయువు ఇండ్లమీద, కొబ్బరితోటలమీద పరచుకొనెను. ఎచటనో నిప్పు తగిలినంతనే ఆ ప్రదేశమంతయు ఒక్కసారిగా మండెను. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నిద్రలో నున్నవారు, అప్పుడే లేచి పనిలోనికి దిగుచున్నవారు అందులో ఉన్నారు. పొడివాయువునకై ఉద్దేశింపబడిన గొట్టములో నీరు కలిసిన వాయువు ప్రవహించుటచే లోపల తుప్పుపట్టి క్షీణించినదని తరువాతి విచారణలో తేలెను. లీకులను గురించి తాము ముందే చెప్పితిమని గ్రామస్థులు పత్రికలవారితో వాపోయిరి.

ఈ కడపటి మాటను పంచాయతీ సభ్యులు మనస్సున నిలుపుకొనవలెను. ముక్కు వార్త తెచ్చినను, ఆ వార్త వ్రాతలోనికి ఎక్కి, చేరవలసిన చోటికి చేరి, సమాధానము వచ్చువరకు వెంబడింపబడనిచో ముక్కు ఉండియు లేనట్లే.

మరొక ముఖ్యవిషయము. పట్టణములలో ఇండ్లకు ఇచ్చు వాయువులోను, వంటసిలిండర్లలోను వాసన కలుపుదురు. దూరప్రాంతములకు పోవు పెద్ద గొట్టములలోని వాయువునకు వాసన కలిపియుండునని అనుకొనరాదు. ముడివాయువుతో కలిసివచ్చు ద్రవములవలన ఒక్కొక్కప్పుడు కిరోసిను వంటి వాసన రావచ్చును, రాకపోవచ్చును. వాసన కలిపిన వాయువైనను భూమిలోనుండి చొచ్చుకొని వచ్చునపుడు మన్ను ఆ వాసనను పీల్చివేయవచ్చును. కావున గొట్టపుమార్గము ప్రక్కన ముక్కుతోపాటు కన్నును, చెవిని కూడ కాపలా పెట్టవలెను. బుసబుస మను శబ్దము, కారణము లేకుండ నేలనుండి ఎగయు దుమ్ము, చుట్టును పచ్చగానుండగా ఒక్కచోటనే మాడిన గడ్డి, నీరు నిలిచిన చేలో గాని కాలువలో గాని ఒకే స్థలమున ఎడతెగక వచ్చు బుడగలు, ఇవన్నియు హెచ్చరికలే.

ముక్కు మనలను మోసగించు మరొక చోటు కలదు. మురుగు నిలిచిన గోతులలో, సెప్టిక్ ట్యాంకులలో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టును. కొద్దిగా ఉన్నపుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. అది హెచ్చినపుడు ఘ్రాణశక్తినే స్తంభింపజేయును. వాసన పోయినది గదా అని లోనికి దిగినవాడు తిరిగి రాడు. అతనిని రక్షింపబోయి దిగిన రెండవవాడును కూలిపోవును. పాడుబావులలో నిలుచు బొగ్గుపులుసు వాయువునకు వాసనయే లేదు. పూర్వము దీపము దింపి పరీక్షించెడివారు. మండు వాయువు ఉన్నచోట ఆ పరీక్షయే ప్రాణము తీయును. మురుగు ట్యాంకులలోనికి రక్షణ సాధనములు లేకుండ మనుష్యులను దింపుట 2013 నాటి చట్టముచే నిషేధింపబడినది. ట్యాంకు పంచాయతీదైనను, ప్రైవేటుదైనను యంత్రముతోనే శుభ్రపరుపవలెను.

ఇంతయు విని, మనము చేయదగినదేమి అని మీరడుగవచ్చును. కొన్ని పనులు మనవి చేసెదను. వీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

మొదటిది, వంటయింటి పాఠము. వాసన వచ్చినపుడు స్విచ్చి వేయరాదు, ఉన్నదానిని ఆర్పనురాదు. రెండింటను నిప్పురవ్వ పుట్టును. అగ్గిపుల్ల గీయరాదు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచి, వెలుపలికి వచ్చి, దూరమునుండి ఫోను చేయవలెను. వంటగ్యాసు లీకునకు 1906 అను నంబరు ఉన్నది. వంటగ్యాసు గాలికంటె బరువైనది. నేలబారున, గోతులలో, కాలువ తూములలో నిలుచును. కావున పై కిటికీ తెరచుట మాత్రము చాలదు, క్రింది ద్వారము తెరువవలెను. 1999లో దీపం పథకముతోను, 2016లో ఉజ్వల పథకముతోను పేదల ఇండ్లకు గ్యాసు వచ్చినది. సిలిండరుతోపాటు ఈ పాఠము కూడ ప్రతి ఇంటికి చేరవలెను. మహిళాసంఘముల సమావేశములలో పది నిమిషములు చాలును.

రెండవది, ముక్కుల లెక్క. ఒంటరిగా నివసించు వృద్ధులు ఎవరు, జ్వరము తరువాత వాసన పోయినవారు ఎవరు అని ఆశా కార్యకర్తల సహాయముతో తెలిసికొనుడు. ఇంగువ, కర్పూరము, కాఫీపొడి కన్నులు మూసి చూపించినచో చాలవరకు తెలియును. తెలియనివారిని వైద్యునికడకు పంపుడు. అట్టివారి ఇంట సిలిండరును రాత్రి కట్టివేయు బాధ్యత ప్రక్కింటివారిలో ఒకరికి అప్పగింపుడు. ఈ ఘ్రాణకణములు ఎప్పటికప్పుడు క్రొత్తవి పుట్టుచుండును గనుక నిరాశపడనక్కరలేదు. లవంగము, నిమ్మ, గులాబి, నీలగిరి తైలము ఈ నాల్గింటిని పూటపూట శ్రద్ధగా వాసన చూచు అభ్యాసమును కొన్ని మాసములు చేయుడని వైద్యులు చెప్పుదురు. కొందరికి దానివలన మేలు కలుగును. నాకు కలిగినది.

మూడవది, వాసనల పుస్తకము. పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము ఉంచుడు. ఎవరు, ఏనాడు, ఏ గంటకు, ఎచట, ఎట్టి వాసనను గాని బుడగలను గాని చూచిరో వ్రాయింపుడు. గొట్టపుమార్గపు గుర్తురాళ్లమీద, ఫలకములమీద ఉన్న ఫోను నంబరును కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఫోనులో చెప్పిన తరువాత వ్రాతపూర్వకముగా కూడ పంపి, రసీదు తీసికొనుడు. మండలాధికారికి, అగ్నిమాపకశాఖకు ప్రతులు పంపుడు. సమాధానము రానిచో మరునాడు మరల వ్రాయుడు. పది ఫిర్యాదులలో తొమ్మిది వట్టివి కావచ్చును. ఆ తొమ్మిదింటిని విసుగుకొనక వ్రాసినవారికే పదవది దొరకును.

నాల్గవది, తప్పించుకొను దారి. గొట్టము పగిలినదని అనుమానము కలిగినపుడు మోటారు సైకిలు గాని, ఇంజను గాని నడుపరాదు. పొయ్యి వెలిగింపరాదు. గాలి ఏ దిక్కునకు వీచుచున్నదో చూచి, వాయువున్న చోటికి ఎదురుగాలి వైపునకు గాని, గాలికి అడ్డముగా గాని కాలినడకన పోవలెను. నిద్రించువారిని వాసన లేపదు గనుక మనుష్యులే లేపవలెను. అందుకు దండోరా డప్పు నేటికిని మంచి సాధనము. దానిలో నిప్పురవ్వ లేదు. ఏ వీధి ఎటు పోవలెనో ముందుగనే నిర్ణయించి, సంవత్సరమునకు ఒకసారియైన నడచి చూడుడు.

సోదరులారా, సోదరీమణులారా! గోదావరి వరదను ముందుగా తెలిసికొనుటకు ధవళేశ్వరమున నీటిమట్టమును కొలుచుచున్నాము. మొదటి హెచ్చరిక, రెండవ హెచ్చరిక అని ప్రకటించుచున్నాము. వాయువునకు అట్టి కొలబద్ద ప్రతి ఊర లేదు. ప్రస్తుతము ఊరికి ఉన్న కొలబద్దలు ఆ ఊరి ప్రజల ముక్కులే. ఒక ముక్కు అలసిపోవును, ఒకటి పడిశముతో మూసికొనును, ఒకటి నిద్రించును. కాని ఊరిలోని ముక్కులన్నియు ఒక్కసారి నిద్రింపవు. ఎవరో ఒకరు గుమ్మములో నిలిచి 'వాసన వచ్చుచున్నది' అని చెప్పుదురు. అది చిన్నపిల్ల కావచ్చును, పాలేరు కావచ్చును, చేలో కలుపు తీయు కూలితల్లి కావచ్చును. ఆ మాటను తేలికగా త్రోసివేయక, వెంటనే లేచి చూచువాడే నిజమైన పంచాయతీ సభ్యుడు.

మీరు ఊరికి పోయి ఈ వారములోనే ఆ పుస్తకమును తెరతురని నమ్ముచున్నాను.